ఖాళీ ప్రభుత్వ స్థలాన్ని వేలం వేస్తే సరిపోదా? మధ్యలో ప్రత్యేక సంస్థ ఎందుకు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నగరం నడిబొడ్డున మూతపడ్డ డిపోలు, కూలిపోతున్న పాత క్వార్టర్లు, తాళాలు వేసిన గోదాములు ఏళ్ల తరబడి కంప పట్టి పడి ఉన్నాయి. ప్రభుత్వం వాటిని నేరుగా వేలం వేసి డబ్బు ఖజానాలో వేసుకోవచ్చు కదా? దానికోసం మళ్లీ ఒక సంస్థ, ఒక ఎండీ, ఇంజనీర్లు, ఆఫీసు ఎందుకు? ఆ సంస్థ నిజంగా చేసే పనేమిటి?

ఇలాంటి ఒక సంస్థ భూ విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సూటి జవాబు. వేలం వేయడానికి సంస్థ అక్కర్లేదు. ఒక నోటిఫికేషన్, ఒక వెబ్‌సైటు, నలుగురు మనుషులు చాలు. సంస్థ కావలసింది వేలానికి ముందూ, వేలం తర్వాతా. ముందు అంటే స్థలం ఎవరిదో తేల్చడం, చెదిరిన ముక్కలను కలపడం, మట్టిని శుభ్రం చేయించడం, రోడ్డూ నీరూ డ్రైనేజీ తీసుకురావడం, అక్కడ ఇప్పటికే ఉంటున్నవాళ్లకు దారి చూపడం. తర్వాత అంటే, తీసుకున్నవాళ్లు కడతామన్నది చెప్పిన గడువులో కట్టేలా చూడటం. ఈ రెండూ చేయని సంస్థ అయితే మీ అనుమానమే కరెక్టు, అది దండగ. ఈ పనులు చేసేవాళ్లెవరూ లేకుండా వేలానికి వెళ్తే మాత్రం ప్రజల ఆస్తి సగం ధరకు పోతుంది, లేదంటే పదేళ్లు కోర్టులో నానుతుంది. రెండూ కళ్లారా చూశాను.

అసలు ఆ స్థలాలు ఖాళీగా ఎందుకు ఉండిపోతాయి?

అధికారుల నిర్లక్ష్యం అని చాలామంది అనుకుంటారు. లోపల కూర్చుని చూస్తే కారణం ఇంకొకటి కనిపిస్తుంది. ఒక శాఖ దగ్గర పది ఎకరాలు ఖాళీగా ఉన్నందుకు ఆ శాఖకు పైసా ఖర్చు లేదు. చాలాచోట్ల పన్ను కట్టనక్కర్లేదు, అద్దె లేదు. అదే ఆ పది ఎకరాలు వదులుకుంటే వచ్చే డబ్బు ఖజానాకు పోతుంది, శాఖకు రాదు. పైగా ఐదేళ్ల తర్వాత కొత్త ఆఫీసుకో శిక్షణ కేంద్రానికో చోటు కావాలంటే, "అప్పుడు సంతకం పెట్టిందెవరు?" అని వెతుకుతారు. ఇక ఏ అధికారి మాత్రం ఇస్తాడు? ఫైలు మీద "భవిష్యత్ అవసరాల దృష్ట్యా అట్లే ఉంచవలెను" అని రాసి పంపేస్తాడు. ఆ వాక్యం నేను ఎన్ని ఫైళ్లలో చదివానో లెక్కలేదు. ఆయన్ని తప్పుపట్టలేం, ఆయన కూర్చున్న కుర్చీలో ఎవరున్నా అదే రాస్తారు.

అందుకే ఈ పని శాఖల ఇష్టానికి వదిలేస్తే ముందుకు కదలదు. అన్ని శాఖల స్థలాలనూ ఒక్కచోట లెక్కగట్టి, ఏది నిజంగా వాడుతున్నారు, ఏది వాడటం లేదు అని అడిగే హక్కు చట్టం ద్వారా ఎవరికో ఒకరికి ఇవ్వాలి. ఐర్లండ్‌లో ప్రభుత్వ భూముల మీద ఇళ్లు కట్టించే ల్యాండ్ డెవలప్‌మెంట్ ఏజెన్సీని 2018లో తాత్కాలికంగా మొదలుపెట్టి, 2021లో ప్రత్యేక చట్టం చేసి దానికి పూర్తి హోదా ఇచ్చారు. మధ్యలో ఆ మూడేళ్లూ ఊరికే పోలేదు. చట్టబద్ధమైన అధికారం లేకపోతే ఇంకొక శాఖ గుమ్మం ముందు నిలబడి బతిమాలడమే అవుతుందని మాలాంటి వాళ్లందరికీ అనుభవమే.

రికార్డులో 14 ఎకరాలు, నేల మీద పదకొండున్నర

ఒక కేసు కాస్త దగ్గరగా చూపిస్తాను. మూతపడ్డ ఒక బస్సు డిపో మా చేతికి వచ్చింది. రికార్డు ప్రకారం 14 ఎకరాలు, అన్ని హద్దులూ స్పష్టం, వివాదాలు లేవు. నేరుగా వేలానికి పెట్టేద్దామని పైనుంచి ఒత్తిడి. మా చీఫ్ ప్లానర్ ఒప్పుకోలేదు, ముందు జాయింట్ సర్వే అన్నారు.

ఉదయం ఏడింటికి వెళ్లాం. డిపో తరఫున ఒకరు, సర్వేయరు, విద్యుత్ శాఖ మనిషి, మా వైపు నుంచి నేనూ మా డ్రాఫ్ట్స్‌మనూ. ఈశాన్య మూల హద్దురాయి కనపడలేదు. గంటన్నర వెతికితే అది పక్కనున్న మెకానిక్ షెడ్డులో, పాత టైర్ల దొంతర కింద దొరికింది. అంటే షెడ్డు మొత్తం మన స్థలంలో ఉంది. పడమటి వైపు రోడ్డు ఎప్పుడో వెడల్పు చేశారు, అందులో పోయిన నేలను రికార్డులో తగ్గించనే లేదు. దక్షిణాన ఎకరం మేర సబ్‌స్టేషన్. దానికి ఆధారం ముప్పై ఏళ్ల కిందటి ఒక ఉత్తరం, అంతే. లీజు లేదు, బదిలీ లేదు.

అన్నిటికంటే పెద్దది మా డ్రాఫ్ట్స్‌మన్ పట్టుకున్నాడు. ఎండాకాలం, డిపో అంతా గడ్డి ఎండిపోయి గోధుమ రంగులో ఉంది. మధ్యలో మాత్రం ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా సన్నగా పచ్చటి గీత. "సార్, దీని కింద నీళ్లు పోతున్నాయి" అన్నాడు. తవ్వి చూస్తే రెండు మీటర్ల వెడల్పున్న పాత వాననీటి కాలువ, పైన రాతిపలకలు కప్పి ఉన్నాయి. వెనకాల ఉన్న రెండు కాలనీల వాన నీరంతా దాని గుండానే పోతోంది. ఏ మ్యాపులోనూ లేదు. దాని మీద ఎవరూ ఏమీ కట్టకూడదు, కడితే వెనక కాలనీలు మునుగుతాయి.

చివరికి లెక్క తేలింది పదకొండున్నర ఎకరాలు, అదీ మధ్యలో కాలువతో. దాన్ని 14 ఎకరాలుగా వేలం వేసి ఉంటే కొన్నవాళ్లు కోర్టుకు వెళ్లేవారు, న్యాయంగానే వెళ్లేవారు. ఆ చిక్కులన్నీ విప్పడానికి మాకు 19 నెలలు పట్టింది. ఆ 19 నెలల్లో సంస్థ ఖాతాలోకి ఒక్క రూపాయి రాలేదు, రివ్యూ మీటింగుల్లో ప్రతిసారీ "ప్రోగ్రెస్ ఏదీ?" అనే ప్రశ్నే. మీరు అడిగిన "సంస్థ చేసే పనేమిటి?" అన్న ప్రశ్నకు నా దృష్టిలో అసలు జవాబు ఆ 19 నెలలే.

ముక్కలు కలపడం కూడా ఇందులో భాగమే. రెండెకరాలు ఒక శాఖది, పక్క మూడెకరాలు ఇంకొకరిది, మధ్యలో దారి మున్సిపాలిటీది. విడివిడిగా దేనికీ పనికిరావు, కలిస్తే ఒక పేట అవుతుంది. దీన్ని చప్పుడు లేకుండా చేయాలి. జర్మనీలోని హాంబుర్గ్‌లో పాత ఓడరేవు స్థలాన్ని హాఫెన్‌సిటీగా మార్చే ఆలోచనను 1997లో బయటపెట్టారు. నగరానికి చెందిన కంపెనీ అక్కడి స్థలాలను అంతకుముందే నెమ్మదిగా తన చేతిలోకి తెచ్చుకుంటూ వచ్చింది. ముందే ప్రకటించి ఉంటే చుట్టుపక్కల ధరలు ఆకాశానికి అంటేవి, లీజుదారులంతా గట్టిగా పట్టుబట్టేవారు.

మట్టి సంగతి ఎవరూ అడగరు

పాత పరిశ్రమ, డిపో, రైల్వే యార్డు, గ్యాస్ కంపెనీ స్థలం ఏదైనా సరే, పైకి కనిపించే నేలను నమ్మకండి. పైన చెప్పిన డిపోలోనే డీజిల్ ట్యాంకులు భూమిలో పాతి ఉన్నాయి. టెస్టు గుంత మూడు మీటర్లు తవ్వేసరికి వచ్చిన వాసనకు పక్కకు జరగాల్సి వచ్చింది. అక్కడ ఇళ్లు కట్టి, పిల్లలు ఆడుకునే చోటు చేసి, పదేళ్ల తర్వాత బోరు నీళ్లలో అది కనిపిస్తే అప్పుడు జవాబుదారీ ఎవరు? ప్రైవేటు డెవలపర్‌కు ఇలాంటి తెలియని ఖర్చంటే భయం. ఆ భయాన్ని ముందే ధరలో తగ్గించుకుని వేలం పాడతాడు. అసలు ఖర్చు తక్కువే అయినా, తెలియదు కాబట్టి ఎక్కువే తగ్గిస్తాడు. సంస్థ ముందే పరీక్ష చేయించి రిపోర్టు చేతిలో పెడితే ఆ తగ్గింపు మాయమవుతుంది. మేం పరీక్షలకు పెట్టిన ఖర్చు ధరలో ఎన్నో రెట్లు తిరిగొచ్చింది.

లండన్ తూర్పున 2012 ఒలింపిక్స్ కోసం తీసుకున్న లోయ ప్రాంతం శతాబ్దానికి పైగా పరిశ్రమల చెత్త మోసిన నేల. అక్కడ యంత్రాలతో మట్టిని తవ్వి, కడిగి, చాలావరకు మళ్లీ అక్కడే వాడారు. నేల మీద నిలబడ్డ 52 హైటెన్షన్ టవర్లను తీసేసి, తీగలను సొరంగాల్లోకి మళ్లించారు. ఇంత పని ఏ ఒక్క బిల్డరూ తన ప్లాటు కోసం చేయడు, చేయలేడు కూడా.

అలాగని ప్రతిచోటా మట్టిని అద్దంలా చేయాలనీ లేదు. జర్మనీలోని రూర్ ప్రాంతంలో బొగ్గు, ఉక్కు పరిశ్రమలు మూతపడ్డాక ఆ స్థలాలను కొనిపెట్టడానికి ప్రభుత్వమే ఒక భూనిధి ఏర్పాటు చేసింది. డూయిస్‌బుర్గ్‌లో 1985లో ఆగిపోయిన ఉక్కు కర్మాగారాన్ని కూల్చకుండా పార్కుగా మార్చి 1994లో జనానికి తెరిచారు. కొలిమిల మీదికి మెట్లెక్కి వెళ్లొచ్చు, పాత గ్యాస్ ట్యాంకులో నీళ్లు నింపి డైవింగ్ నేర్పుతారు. కలుషితమైన నేలలో కొంత భాగాన్ని మొక్కలకే వదిలేశారు, నెమ్మదిగా అవే బాగుచేస్తాయని. ఏ నేలను దేనికి వాడాలో మట్టిని బట్టి నిర్ణయించుకోవడం కూడా ఒక నేర్పే. ఇళ్లకు పనికిరాని నేల పార్కుకు పనికిరావచ్చు.

అమ్మాలా, లీజుకివ్వాలా, వాటా పెట్టుకోవాలా?

మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన మాట "డబ్బు ఖజానాలో వేసుకోవచ్చు కదా". వేసుకోవచ్చు, కానీ ఎప్పుడు వేసుకుంటున్నామన్నది ముఖ్యం. ప్రాజెక్టు మొదట్లో స్థలం ధర అన్నిటికంటే తక్కువ. రోడ్డు పడి, మొదటి రెండు భవనాలు లేచి, జనం రావడం మొదలయ్యాక అదే స్థలం ఎన్నో రెట్లు పలుకుతుంది. మొదటి రోజే అంతా అమ్మేస్తే ఆ పెరుగుదలంతా కొన్నవాళ్లదే.

లండన్‌లోని కింగ్స్ క్రాస్ రైల్వే స్థలం దీనికి మంచి ఉదాహరణ. 67 ఎకరాలు. ఆ భూమి చేతిలో ఉన్న రైల్వే కంపెనీ (తర్వాత అది ప్రభుత్వం చేతికి వచ్చింది) దాన్ని అమ్మేయకుండా వాటాగా పెట్టి, డెవలపర్‌తో 2008లో భాగస్వామ్యం కుదుర్చుకుంది. కాలేజీ వచ్చింది, ఆఫీసులు వచ్చాయి, ఆ చోటికి మంచి పేరు వచ్చింది. అప్పుడు, 2016లో, ప్రభుత్వం తన 36.5 శాతం వాటాను 371 మిలియన్ పౌండ్లకు అమ్ముకుంది. పాడుబడ్డ యార్డుగా ఉన్నప్పుడు అమ్మి ఉంటే ఆ డబ్బు ఊహకు కూడా అందేది కాదు.

న్యూయార్క్‌లోని బ్యాటరీ పార్క్ సిటీది ఇంకో దారి. దాని అథారిటీని రాష్ట్ర శాసనసభ 1968లో ఏర్పాటు చేసింది. వరల్డ్ ట్రేడ్ సెంటర్ పునాదులు తవ్విన మట్టితో పాటు ఇసుక పోసి నదిలో 92 ఎకరాల కొత్త నేల తయారు చేశారు. ఆ నేలను ఇప్పటికీ అమ్మలేదు, లీజుల మీదే నడుస్తోంది, ఏటేటా ఆదాయం వస్తోంది. ఇందులో ఇంకో పాఠం ఉంది. 1976కే నేల తయారైనా ఏళ్లపాటు ఇసుక మేటగానే పడి ఉంది. మొదటి ప్లాన్ ఒకే భారీ కట్టడంలా ఉండేది, దాన్ని కట్టగలిగేవాళ్లే లేరు. 1979లో ప్లాన్ మార్చారు. పక్కనున్న నగర వీధులనే లోపలికి పొడిగించి, చిన్న చిన్న బ్లాకులుగా విడగొట్టి, వేర్వేరు బిల్డర్లకు ఇవ్వడం మొదలెట్టాక పని కదిలింది. పెద్ద స్థలాన్ని ఒక్కరికే అప్పజెప్పకండి అని నేను మా జూనియర్లకు చెప్పేది ఇందుకే. ఆ ఒక్కరూ మునిగితే మొత్తం ఆగిపోతుంది.

మా దగ్గర అదే జరిగింది. అప్పట్లో ఒక పాత గోదాముల స్థలాన్ని ఒకే ముక్కగా వేలం వేశారు, రికార్డు ధర వచ్చింది, పేపర్లలో ఫొటోలు పడ్డాయి. గెలిచిన కంపెనీ చుట్టూ నీలం రేకుల ప్రహరీ కట్టి, ఏడేళ్లు అలాగే వదిలేసింది. ఎందుకంటే ఒప్పందంలో "త్వరితగతిన నిర్మాణం చేపట్టవలెను" అని ఉంది తప్ప, ఎన్ని నెలల్లో ఏ స్థాయికి రావాలి, రాకపోతే ఏం చేస్తాం అన్నది లేదు. ఆ ఒప్పందం ముసాయిదా చూసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అప్పటి నుంచి ఏ ఒప్పందం చూసినా నా కళ్లు మొదట గడువు క్లాజు మీదికే పోతాయి.

హాఫెన్‌సిటీలో దీన్ని చక్కగా కట్టుదిట్టం చేశారు. డెవలపర్‌ను ఎంచుకోగానే భూమి రాసిచ్చెయ్యరు. ముందు కొంతకాలం ఆ ప్లాటు ఆయన కోసం అట్టిపెడతారు. ఆ లోపు డిజైన్ పోటీ పెట్టాలి, నిర్మాణ అనుమతి తెచ్చుకోవాలి. అవన్నీ అయ్యాకే అమ్మకం. మాట తప్పితే ప్లాటు నగరానికి తిరిగొస్తుంది, ఏమీ కట్టకుండా భూమిని పట్టుకుని ధర పెరిగాక ఇంకొకరికి అమ్ముకునే ఆటకు చోటుండదు. ఇంకో విషయం, ఎంపికలో ధర ఒక్కటే చూడరు, అక్కడ ఏం కడతారన్న ఆలోచనకూ మార్కులుంటాయి. సింగపూర్‌లో 1967 నుంచి ప్రభుత్వ భూమి అమ్మకాలు ఒక పద్ధతిలో సాగుతున్నాయి. చాలావరకు 99 ఏళ్ల లీజే, ఏం కట్టాలో, ఎప్పటికి పూర్తి చేయాలో టెండరులోనే ఉంటుంది. టెండరు వేసేవాడికి ముందే అన్నీ తెలుసు కాబట్టి తర్వాత తగువు తక్కువ.

ఒక్క మాటతో మారిపోయిన 600 ఎకరాలు

నియమాల రాత ఎంత ముఖ్యమో చెప్పడానికి ముంబయి బట్టల మిల్లుల కంటే గట్టి ఉదాహరణ నాకు తెలియదు. నగరం మధ్యలో 58 మిల్లులు, సుమారు 600 ఎకరాలు. 1982లో మిల్లు కార్మికుల సమ్మె తర్వాత చాలావరకు మూతపడుతూ వచ్చాయి. 1991లో తెచ్చిన నియమం ప్రకారం మిల్లు స్థలాన్ని అభివృద్ధి చేయాలంటే మూడు భాగాలు చేయాలి. ఒకటి పార్కులు, మైదానాల కోసం నగరపాలికకు, ఒకటి సామాన్యుల ఇళ్ల కోసం గృహనిర్మాణ సంస్థకు, మూడోది యజమానికి. వినడానికి ఎంత న్యాయంగా ఉంది!

ఇబ్బంది ఏమిటంటే యజమానులు ముందుకు రాలేదు. వాళ్లకు మిల్లును అలాగే వదిలేయడమే లాభంగా కనిపించింది. 1996లో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా నాయకత్వంలో కమిటీ వేశారు. మిల్లుల స్థలాలన్నిటినీ కలిపి చూసి ప్లాన్ చేయాలన్నది ఆ ఆలోచన. అది అమలుకు రాలేదు. 2001లో నియమాన్ని సవరించారు. కొత్త రాత ప్రకారం పంచాల్సింది మొత్తం స్థలం కాదు, భవనాలు లేకుండా ఖాళీగా ఉన్న భాగం మాత్రమే. మిల్లు స్థలంలో షెడ్లే ఎక్కువ, ఖాళీ నేల తక్కువ. అంటే పార్కులకూ ఇళ్లకూ రావలసిన వాటా ఒక్కసారిగా కుంచించుకుపోయింది. హైకోర్టు 2005లో దాన్ని ప్రజల వైపు నుంచి చదివింది. సుప్రీంకోర్టు 2006లో సవరణనే సమర్థించింది. ఇప్పుడక్కడ మాల్స్, ఆకాశాన్నంటే టవర్లు ఉన్నాయి.

ఇక్కడ లేనిది ఏమిటో గమనించండి. 58 మిల్లులనూ ఒకే పటంగా చూసి, ఒకరి వాటాను ఇంకొకరి వాటాతో సర్దుబాటు చేసి, యజమానులతో కూర్చుని బేరమాడి, పెద్ద పార్కు ఒకచోట, ఇళ్లు ఒకచోట వచ్చేలా చూసే ఒక్క సంస్థ లేదు. నియమం ఒక్కటే ఉంది, దాన్ని ఎవరి మిల్లు వరకు వాళ్లు అన్వయించుకున్నారు. ఈ విషయం రాసేటప్పుడు నాకు ఇప్పటికీ బాధ వేస్తుంది. అంత నేల, నగరం నడుమ, మళ్లీ ఎప్పటికీ దొరకదు.

"ఖాళీ" అని రాసే ముందు

మా వృత్తిలో అన్నిటికంటే జాగ్రత్తగా వాడాల్సిన మాట ఇదే. ఫైలులో "ఖాళీ" అని ఉన్న చోటుకు వెళ్తే, వెనక వరసలో రిటైరైన వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. పాతికేళ్లుగా పిల్లలు బంతాట ఆడుకునే చోటు అదే అయి ఉంటుంది. చెరువులోకి నీరు పోయే పల్లం అయి ఉంటుంది. రెవెన్యూ లెక్కలో ఇవేవీ కనపడవు. నేను పనిలో చేరిన కొత్తలో ఒక పాత క్వార్టర్ల స్థలంలో 41 కుటుంబాలను "అనధికార నివాసులు" అని ఒకే మాటతో రిపోర్టులో రాశాను. మా సీనియర్ మేడమ్ ఆ కాగితం వెనక్కి ఇచ్చి, "ఒక్కొక్క ఇంటికీ వెళ్లి ఎప్పటి నుంచి ఉంటున్నారో, పిల్లలు ఏ స్కూలుకు పోతున్నారో రాసుకుని రండి" అన్నారు. మూడు రోజులు తిరిగాను. వాళ్లలో పదిహేడు కుటుంబాల దగ్గర పాత శాఖ ఇచ్చిన అలాట్‌మెంట్ కాగితాలు ఉన్నాయి. చివరికి ఆ లేఅవుట్‌లోనే ఒక అంచున వాళ్లకు ఇళ్లు కట్టించాకే మిగతా పని మొదలైంది. ఆలస్యం అయింది నిజమే, కానీ ఒక్క కేసు కూడా పడలేదు.

లండన్ డాక్‌ల్యాండ్స్ కథ ఇక్కడ రెండు వైపులా చూడాలి. 1981లో పెట్టిన డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌కు స్థానిక కౌన్సిళ్ల నుంచి ప్లానింగ్ అధికారం తీసి ఇచ్చేశారు. ఎనిమిదిన్నర చదరపు మైళ్ల రేవుల ప్రాంతం. 1987లో తేలికపాటి రైలు వచ్చింది, కెనరీ వార్ఫ్ అనే ఆఫీసు టవర్ల పేట లేచింది, 1998లో కార్పొరేషన్‌ను మూసేశారు. పని మాత్రం జరిగింది. కానీ అంతకుముందు రేవుల్లో పనిచేసి బతికిన కుటుంబాలు, తమ కళ్ల ముందు వస్తున్న ఇళ్లు తమకు అందవని, కొత్త ఉద్యోగాలు తమవి కావని చాలా ఏళ్లు పోరాడాయి. స్థానిక సంస్థను పక్కకు నెడితే పని వేగంగా జరుగుతుంది, అయితే "ఎవరి కోసం?" అని అడిగే గొంతు కూడా పక్కకు పోతుంది. నా అభిప్రాయంలో సంస్థ బోర్డులో స్థానిక ప్రతినిధులు తప్పనిసరిగా ఉండాలి, ఆలస్యమైనా సరే.

అప్పు గురించి ఒక హెచ్చరిక

భూమి ఉంది కదా అని సంస్థలు దాన్ని చూపించి అప్పులు చేస్తాయి, ముందు మౌలిక వసతులు కట్టి తర్వాత ప్లాట్లు అమ్మి తీర్చవచ్చని. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో ఓరెస్టాడ్ ప్రాంతాన్ని అలాగే చేశారు. అమ్మబోయే భూమి భరోసా మీద మెట్రో కట్టారు, 2002లో రైలు నడిచింది. ఐడియా గొప్పది, మెట్రో నిజంగా వచ్చింది. కానీ ప్లాట్లు అనుకున్నంత వేగంగా అమ్ముడుపోలేదు, అప్పు మాత్రం మిగిలింది. ఆ తర్వాత 2007లో కొత్త కంపెనీని ఏర్పాటు చేసి రేవు స్థలాలను కూడా అందులో కలిపారు. అప్పు మెడ మీద ఉన్న సంస్థ ఎప్పుడూ ఎక్కువ ధర వచ్చేదానికే మొగ్గుతుంది, పార్కును తగ్గిస్తుంది, తక్కువ అద్దె ఇళ్లను "రెండో దశ"కు నెడుతుంది. ఆ రెండో దశ ఎప్పుడూ రాదు. ప్రైవేటు వైపు కూడా ఇదే ప్రమాదం. కెనరీ వార్ఫ్ కడుతున్న ఒలింపియా అండ్ యార్క్ కంపెనీ 1992లో దివాలా తీసింది. భూమి వ్యాపారంలో మంచి రోజులూ చెడ్డ రోజులూ వంతులవారీగా వస్తాయి. చెడ్డ రోజుల్లో అమ్మకుండా ఆగగలిగే ఓపిక, ఆ ఓపికకు సరిపడా మూలధనం ఉన్న సంస్థే నిలబడుతుంది.

అందుకే సంస్థ పెట్టేటప్పుడు చట్టంలో లక్ష్యంగా ఏం రాశారో చదవమంటాను. మన దేశంలో 2022లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నేషనల్ ల్యాండ్ మానిటైజేషన్ కార్పొరేషన్ పేరులోనే దాని పని ఉంది: ప్రభుత్వ రంగ సంస్థల మిగులు భూములను ఆదాయంగా మార్చడం. ఐర్లండ్ సంస్థకు ఇచ్చిన పని అందుబాటు ధరలో ఇళ్లు. డబ్లిన్ దక్షిణాన షంగనాలో కౌన్సిల్ భూమి మీద అది చేపట్టిన 597 ఇళ్లలో 306 ఖర్చు మేరకే అద్దె తీసుకునేవి, 200 సామాజిక గృహాలు, 91 తక్కువ ధరకు కొనుక్కునేవి. అదే నేలను ఆదాయం లక్ష్యంగా ఉన్న సంస్థకు ఇస్తే ఈ అంకెలు ఇలా ఉండవు. ఒకటి మంచిది, ఇంకొకటి చెడ్డది అని నేను అనడం లేదు. నష్టాల్లో ఉన్న సంస్థ బకాయిలు తీర్చడానికి మిగులు భూమి అమ్మడం సబబే. కానీ ఆదాయం కోసం పెట్టిన సంస్థను ఇళ్లు ఎందుకు కట్టలేదని అడిగితే లాభం లేదు, అది ముందే అడగాలి.

మీరు "మా ఊరు చిన్నది, ఇంత పెద్ద సంస్థలు మాకెక్కడ?" అని కూడా అన్నారు. చిన్న ఊళ్లకు చిన్న రూపం ఉంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ నగరం కార్ల ఫ్యాక్టరీలు పోయి సగం ఖాళీ అయింది. పన్ను కట్టక వదిలేసిన ఇళ్లు వేలల్లో ఉండేవి. వాటిని ఏటా వేలం వేస్తే ఎక్కడో దూరంగా ఉండి ధర పెరిగితే అమ్ముకుందామనుకునే స్పెక్యులేటర్లు చవగ్గా కొని, వాళ్లూ వదిలేసేవారు. 2002లో ఆ కౌంటీలో ల్యాండ్ బ్యాంకు పెట్టారు. అది ఇళ్లను తన చేతిలో ఉంచుకుని, కొన్నిటిని బాగుచేసింది, కొన్నిటిని కూల్చింది. పనికిరాని చిన్న ముక్కలను పక్కింటివాళ్లకే తక్కువ ధరకు ఇచ్చింది. పక్కింటివాళ్లు తోట వేసుకున్నారు, శుభ్రంగా చూసుకున్నారు. టవర్లూ మెట్రోలూ ఏమీ లేవు. వేలం దారి తప్పిన చోట ఒక సంస్థ ఎంత చిన్నగా ఉండి కూడా పనికొస్తుందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

మీ ఊళ్లో ఇలాంటి స్థలం మీద సంస్థ ఏదైనా ప్రకటన ఇస్తే, సమాచార హక్కు కింద నాలుగు కాగితాలు అడగండి. జాయింట్ సర్వే రిపోర్టు, మట్టి పరీక్ష రిపోర్టు, అక్కడ ఉంటున్నవాళ్ల జాబితా, ఒప్పందంలోని గడువు క్లాజు. ఈ నాలుగూ చేతికిస్తే ఆ సంస్థ తన పని తాను చేస్తోందని అర్థం. "వేలం ధర" తప్ప ఇంకేమీ చెప్పలేకపోతే అప్పుడు మీ ప్రశ్నను గట్టిగా అడగండి, నేనూ మీ పక్కనే ఉంటాను.

ఆ డిపో ఏమైందని అడుగుతారేమో. ఎనిమిది ముక్కలుగా విడగొట్టి లీజుకిచ్చాం, ఆరింటిలో జనం ఉంటున్నారు, రెండు ఇంకా కడుతున్నారు. మెకానిక్‌కు అదే వీధిలో షాపు ఇచ్చాం. కాలువ మీద రాతిపలకలు తీసేసి, రెండు వైపులా చెట్లు వేసి నడకదారి చేశాం. మొన్న వానల్లో వెళ్లి చూశాను, వెనక కాలనీల నీళ్లు హాయిగా పోతున్నాయి.